దాసరి జయంతికి తరగతి గదిలో కథ వినిపించాలి

సంపాదకులకు నమస్కారం.

అక్టోబరు 25 చందమామ ధారావాహికల రచయిత దాసరి సుబ్రహ్మణ్యం గారి జయంతి. ఆ రోజున మొదలుపెట్టి కొన్ని వారాలపాటు, ఉభయ తెలుగు రాష్ట్రాల ప్రాథమిక పాఠశాలల్లో మూడు నుంచి ఐదో తరగతి వరకు పిల్లలకు రోజూ అరగంట ఆయన ధారావాహిక ఒకదాన్ని పైకి చదివి వినిపించే ఏర్పాటు చేయాలని పాఠశాల విద్యాశాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

1932లో తెనాలి ప్రాంతంలో పుట్టిన దాసరి గారు 1952లో మద్రాసు వెళ్లి చందమామలో చేరి, 2006 వరకు అక్కడే పనిచేశారు. 1954లో మొదలైన ‘తోకచుక్క’తో ప్రారంభించి ‘భల్లూక మాంత్రికుడు’ వరకు ఆయన రాసిన ధారావాహికలు పన్నెండు. అవి తెలుగులోనే కాక చందమామ వెలువడిన ఇతర భారతీయ భాషల్లోకీ వెళ్లాయి. అయితే ధారావాహికల మీద రచయిత పేరు వేయడం ఆ పత్రిక సంప్రదాయం కాదు. అందువల్ల నేడు అరవై దాటినవారిలో ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసి లోయ’ అనగానే అందులోని పాత్రలను వరసగా ఏకరువు పెట్టగలవారు చాలామంది దొరుకుతారు గానీ, వాటిని రాసింది ఎవరని అడిగితే చెప్పగలవారు తక్కువ. ఇన్ని తరాల పిల్లలు ఇంతగా ఇష్టపడిన రచయిత పేరు బడిలో ఒక్కసారైనా వినబడకపోవడం న్యాయంగా లేదు.

మన బడుల్లో రచయితల జయంతులు జరగడం లేదని నేను అనడం లేదు. బల్ల మీద ఫొటో, దానికొక దండ, ఉపన్యాస పోటీ, వ్యాసరచన, చివర చాక్లెట్లు. ముందురోజు రాత్రి తల్లిదండ్రులు ఫోనులో వెతికి రాసిచ్చిన జన్మస్థలం, బిరుదులు, అవార్డులు పిల్లవాడు గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. ఆ గంటసేపట్లో ఆ రచయిత రాసిన వాక్యం ఒక్కటీ ఎవరి నోటా రాదు. అమెరికాలో పిల్లల రచయిత డాక్టర్ స్యూస్ పుట్టినరోజైన మార్చి 2ను అక్కడి ఉపాధ్యాయ సంఘం 1998 నుంచి చదువుల పండుగగా మార్చింది. అక్కడ స్థిరపడిన మన పిల్లలు ఆ రోజున పుస్తకాలు చదువుకునే ఇంటికి వస్తారు. అటువంటి పని చేయడానికి మనకు రచయితల కొరత లేదు.

దాసరి గారి కథలు తరగతి గదికి ప్రత్యేకంగా ఎందుకు పనికొస్తాయంటే, అవి నెలనెలా కొంచెం కొంచెంగా చదివించడానికి కట్టిన కథలు. ప్రతి భాగం మొదట్లో జరిగిన కథ నాలుగు వాక్యాల్లో ఉంటుంది, చివర ఎవరో ఒకరు ఆపదలో చిక్కుకుని ఉండగా ‘ఇంకా వుంది’ అని ఆగిపోతుంది. నిజాంపట్నం వైపు తీరగ్రామంలోని బడిలో, నా నాలుగో తరగతికి ‘ముగ్గురు మాంత్రికులు’ రోజుకు ఒక భాగం చొప్పున చదివాను. మర్నాడు జరిగిన కథ చెప్పే బాధ్యత మాత్రం నేను తీసుకోలేదు, రోజుకు ఒకరికి అప్పగించాను. పాఠ్యపుస్తకంలో ఒక పేరా చదివి సొంత మాటల్లో చెప్పమంటే తల వంచుకునే పిల్లలు, అందులోని జాలరి పింగళుడి కథ చెప్పే వంతు వచ్చేసరికి పోటీపడి లేచారు. వల విసిరే ఘట్టం వచ్చినప్పుడు వెనక వరసలోని ఒక కుర్రవాడు, “గాలికి ఎదురు నిలబడి విసిరితే వల విప్పుకోదు టీచర్‌గారూ, సీసం గుళ్లు అన్నీ ఒకేచోట పడిపోతాయి” అంటూ లేచి, భుజం మీది తువ్వాలు తీసి విసిరి మరీ చూపించాడు. బడిలో వాడు అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు. చందమామ చిత్రకారుడు ‘చిత్ర’ గారు వేసిన బొమ్మలను ముందే చూపించకుండా, పిల్లల చేత వాళ్లకు తోచిన మాంత్రికుణ్ణి గీయించి, ఆ తర్వాత పత్రికలోని బొమ్మ చూపిస్తే ఆ రోజు తరగతిని అదుపులో పెట్టడం కొంచెం కష్టమేనని తోటి ఉపాధ్యాయులకు ముందుగా మనవి చేస్తున్నాను.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. మంత్రాలు, రాక్షసులు, భూతాలు పిల్లల్లో మూఢనమ్మకాలు పెంచుతాయని కొందరంటారు. ఈ కథల్లో మంత్రశక్తి ఎక్కువగా దురాశాపరుల చేతిలోనే ఉంటుంది, గెలిచేవాడు సాధారణంగా ధైర్యమూ సమయస్ఫూర్తీ ఉన్న మామూలు మనిషి. ఆ తేడా పిల్లలకు మనం చెప్పనక్కరలేకుండానే తెలుస్తుంది. అడపాదడపా కత్తి యుద్ధాలు ఉన్నమాట నిజమే, మరీ చిన్న తరగతులకు అటువంటి చోట్ల ఉపాధ్యాయులు కొంత కుదించి చదువుకోవచ్చు. ఇక సమయం లేదన్నది రెండో అభ్యంతరం. బడి పిల్లల చదువు కోసం ప్రభుత్వాలు పెట్టిన కార్యక్రమాలు, తెలంగాణలో ‘తొలిమెట్టు’ అయినా, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో మొదలైన ‘చదవడం మాకిష్టం’ అయినా, కోరింది పిల్లలు అర్థం చేసుకుని చదవాలనీ, విన్నదాన్ని సొంత మాటల్లో చెప్పగలగాలనే కదా. జరిగిన కథ చెప్పించడం కంటే దానికి దగ్గరి దారి నాకు కనిపించలేదు. సిలబస్‌కు బయట ఇంకొక బరువు మోపుతున్నామని అధికారులు భావించనవసరం లేదు.

అసలు ఇబ్బంది పుస్తకాలది. చందమామ ఆగిపోయి పదేళ్లు దాటింది. 2010లో దాసరి గారు కన్నుమూసిన తర్వాత అభిమానులు పూనుకుని ఆయన రచనలను పుస్తకాలుగా తెచ్చారు గానీ, అవి పాఠశాల గ్రంథాలయాలకు చేరిన దాఖలాలు నాకు కనిపించలేదు. పిల్లలకు పంచడానికి పాఠశాలలకు ఏటా కొనే పుస్తకాల జాబితాలో కనీసం రెండు ధారావాహికలను, అట్ట మీద రచయిత పేరు పెద్ద అక్షరాల్లో ఉండేలా, చేర్చాలని కోరుతున్నాను. పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేసే అలవాటున్న బడులకు మాత్రం, వాటిని తరగతి గదిలో పిల్లల చేతికి అందే ఎత్తులో ఉంచాలని ఉత్తర్వులోనే రాయాల్సి ఉంటుంది. జాబితా వచ్చేదాకా ఆగలేని ఉపాధ్యాయులు, తమ ఊళ్లో పాత చందమామలు దాచుకున్నవారి ఇంటికి వెళ్లి అడిగితే, ఒక ధారావాహికకు సరిపడా సంచికలు సమకూడే అవకాశం ఉంది. ఇవ్వడానికి వచ్చిన పెద్దలనే మొదటి భాగం చదవమని బడికి పిలవవచ్చు.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని,
బాపట్ల జిల్లా