సూరిగాడికి, జయపురం నుంచి

జయపురం,
ఆదివారం, మధ్యాహ్నం

ఒరే సూరీ,

రెండుత్తరాలకీ జవాబు రాయలేదు, తప్పే. తిట్టుకో, పడతాను. ఇక్కడందరూ కులాసా. అమ్మ మోకాళ్లు మామూలే. తమలపాకు మేష్టారు నిన్నడిగారు (నవ్వకు). మిగతా కబుర్లు తర్వాత.

నీ ఉత్తరం చివర్న, కాయితంలో చోటు మిగిలిందని గీకినట్టు మీ పడవ ఇంజను గురించి ఒక ముక్క రాశావు చూడు: "పొద్దున్న బటన్ నొక్కితే మూలుగుతాది గాని ఇంజను లేవదు, ఎండెక్కాక శుభ్రంగా లేస్తాది". రోగం పేరు అందులోనే ఉందిరా! ఇంతకీ పడవ వెనక ఇంజనుని ఎత్తి దించే ఆ ట్రిమ్‌లో ఏం పోశారో అని వెతికితే, వెనక పేజీలో దొరికింది. జేసీబీలో మిగిలిన 68 నంబరు హైడ్రాలిక్ ఆయిల్. ఏట్రా, మళ్లీ చేతికందిందే పోశావా?

ఆ 68 అన్నది 40 డిగ్రీల వేడి దగ్గర లెక్కగట్టిన చిక్కదనం. జోలాపుట్టు డ్యామ్ నీళ్ల మీద పుష్యమాసం తెల్లవారుజామున 40 ఎక్కడిది? 5 డిగ్రీలకి దిగితే ఆ ఆయిల్ ఏడెనిమిది రెట్లు చిక్కబడుతుంది. గడ్డకట్టదు, పాకంలా అవుతుంది. ట్రిమ్ పంపులో ఉన్నవి చిన్న పళ్ల చక్రాలు, అవి పాకాన్ని పీల్చలేవు. అందుకే ఆ మూలుగు. ఆ పంపుని తిప్పే మోటరు బరువెక్కి కరెంటు ఎక్కువ లాగుతుంది, ఫ్యూజు పోతుంది, లేదా రిలే మాడుతుంది. అప్పుడు అందరూ మోటరుని తిడతారు. మోటరు మార్చమన్నవాడికి ఒక్క రూపాయి ఇవ్వకు.

నీకు కావలసింది ఏటీఎఫ్, అంటే ఆటోమేటిక్ గేర్ల కార్లలో పోసే ఆయిల్, డెక్స్‌రాన్ అని డబ్బా మీద ఉండేది. ఎర్రగా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం 68 ఆయిల్‌లో సుమారు సగమే. చలికి అదీ చిక్కబడుతుంది గాని నాలుగైదు రెట్లు దాటదు. అంటే పొద్దున్నపూట నీ ఆయిల్‌లో సుమారు మూడోవంతు చిక్కదనమే ఉంటుంది. యమహా ఇంజను పుస్తకంలో ట్రిమ్‌కి రాసేది ఈ జాతే. మెర్క్యురీ అయితే ఆ కంపెనీదే ట్రిమ్, స్టీరింగు ఆయిల్ విడిగా దొరుకుతుంది. పవర్ స్టీరింగు ఆయిల్ అమ్మే కొట్టులో "పవర్ స్టీరింగ్ తేల" (ఒడియాలో ఆయిల్) అని అడిగినా, డబ్బా మీద డెక్స్‌రాన్ అన్న మాట చూసే కొను. ఎండాకాలం కూడా ఇదే ఉంచొచ్చు.

బ్రేక్ ఆయిల్ మాత్రం చుక్క పడనివ్వకు. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడైపోతాయి. కిరసనాయిలు కలిపి పలచన చేద్దాం అంటాడు మీ డ్రైవరు, నాకు తెలుసు. వద్దు. జిడ్డు పోయి పంపు అరిగిపోతుంది.

ఇక మార్చడం. ఆగు, ముందు ఒకటి చూడు. బటన్ నొక్కి ఉంచి, మోటరు తీగల దగ్గర మీటరు పెట్టు. పది వోల్టుల కిందికి పడిపోతే బ్యాటరీ, తీగ చివర్లు కూడా చూడాలి. చలికి బ్యాటరీ కూడా నీరసపడుతుంది కదా.

పడవని గట్టుకి లాగు. ఇంజనుని పూర్తిగా పైకెత్తి, ఆపే కొక్కెం వెయ్యి, కింద దుంగ కూడా పెట్టు. ఆయిల్ని నమ్మి దాని కింద చెయ్యి పెట్టకు. ట్రిమ్ ఆయిల్ ట్యాంకు మూత చుట్టూ ఇసుక తుడిచి, మెల్లగా విప్పు. ఎప్పుడు విప్పినా ఇంజను పైనున్నప్పుడే, దించి విప్పితే మొహం మీదకి చిమ్ముతుంది. సెలైన్ గొట్టం తగిలించిన సిరంజితో పాతది లాగెయ్. పాలలా తెల్లగా వస్తే నీరు చేరిందని, ఇంజనుని ఎత్తే రాడ్డు సీళ్లు చూడాలి. కొత్తది అంచుదాకా పోసి, మూత బిగించి, కొక్కెమూ దుంగా తీసి, ఐదారుసార్లు దించి ఎత్తు. ఒక్కోసారి అరనిమిషం మించి నొక్కకు. ఐదు నిమిషాలు ఆగితే బుడగలు తేలతాయి. ట్యాంకులోది మాత్రమే మారింది, రాడ్ల వెనక పాతదే ఉంది. కాబట్టి ఇదంతా మూడు నాలుగుసార్లు, నిఖార్సయిన ఎరుపు వచ్చేదాకా. లెవెలు చూసేదీ పైకెత్తే. రెండు లీటర్లు తెచ్చుకో, కడగడానికే సగం పోతుంది.

ఎత్తి ఉంచిన ఇంజను రాత్రికి దానంతటదే దిగిపోతుంటే అది వేరే గొడవ. పక్కనుండే రిలీజు మర, పెద్ద స్క్రూలా ఉంటుంది, బిగించి చూడు, మరీ పిండకు. అదీ కాకపోతే లోపల వాల్వు...

లమతాపుట్టు బస్సువాడు హారను కొడతన్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తున్నాను. పాత ఆయిల్ చెరువులో ఒంపకురోయ్, డబ్బాలో...

నీ
బుజ్జి