టీచర్ల సమ్మె అంటే అంత చులకనా?

సంపాదకుడు గారికి,

మాది చెన్నై పెరంబూరు. మొన్న టీ కొట్టు దగ్గర టీచర్ల ధర్నా మాట రాగానే ఒకాయన "వేలకి వేలు జీతం, పైగా వేసవి సెలవులు, ఇంకా రోడ్డెక్కడం దేనికట" అన్నాడు, పక్కనున్న నలుగురూ తలలూపారు. నిజం చెప్పాలంటే 2019 జనవరి సమ్మెలో మా అమ్మాయి క్లాసులు ఆగిపోయినప్పుడు నేనూ అలాగే తిట్టుకున్నాను, పరీక్షల ముందు టెన్షన్ మరి.

తర్వాత మా వీధి టీచరమ్మ లెక్క చెప్పింది. మా తమిళనాడులో 2009 జూన్ 1కి ముందు చేరిన సెకండరీ గ్రేడ్ టీచరుకి (అంటే చిన్న క్లాసులకి చెప్పేవాళ్ళకి) మూలవేతనం అప్పట్లో 8,370 రూపాయలు పెట్టారు, ఆ తేదీ నుంచి చేరినవాళ్ళకి 5,200. అదే బడి, అదే పాఠం, ఒక్క రోజు తేడా! పోనీ నోరు విప్పుదామంటే 2003లో సమ్మె చేసినందుకు ప్రభుత్వ ఉద్యోగులూ టీచర్లూ కలిపి దాదాపు 1.7 లక్షల మందిని ఒక్క దెబ్బకి పీకేశారు (చాలామందిని మళ్ళీ తీసుకున్నారనుకోండి), సమ్మె ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు కూడా అప్పుడే అంది.

ఆవిడ రాత్రి పదింటికి కూడా వరండాలో పేపర్లు దిద్దుతూ కనిపిస్తుంది, ఎర్ర రీఫిళ్ళు సొంత డబ్బుతోనే. అన్నట్టు, టీ కొట్టు దగ్గర ఆ మాటన్నాయన కొడుకు ఆవిడ క్లాసులోనే ఉన్నాడు.

- ఒక తండ్రి, పెరంబూరు, చెన్నై