శ్రీలంకకు మనం చేసింది దానం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. శ్రీలంక ప్రస్తావన వస్తే చాలు, 'వాళ్ళు దివాలా తీస్తే మనం 400 కోట్ల డాలర్లు ఊరికే ఇచ్చేశాం' అనేవాళ్ళు మన చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. బ్యాంకులో ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది.

2022లో అందిన సాయం సుమారు అంతేనన్నది నిజమే. అయితే అందులో చాలా భాగం అప్పులు, కరెన్సీ మార్పిడి (వాళ్ళ రూపాయలు తీసుకుని డాలర్లు ఇచ్చి, గడువుకు తిరిగి మార్చుకోవడం), గడువు పెంచిన బాకీలు. ఆ మార్చిలో స్టేట్ బ్యాంకు ద్వారా ఇచ్చిన 100 కోట్ల డాలర్ల లైన్ ఆఫ్ క్రెడిట్టే (ఇంతవరకు వాడుకోవచ్చని ఇచ్చే అప్పు) తీసుకోండి. అది ఆహారం, మందులు, నిత్యావసరాలు మన దగ్గర కొనడానికి. అక్కడి వ్యాపారి ఇక్కడి మిల్లుకు బియ్యం ఆర్డరు పెడతాడు. సరుకు ఓడెక్కాక, కాగితాలు సరిచూసి, బ్యాంకు ఆ సొమ్ము మన మిల్లు ఖాతాలోనే వేస్తుంది. బాకీ మాత్రం శ్రీలంక మీద ఉంటుంది. అక్కడ పొయ్యి వెలిగింది, ఇక్కడ మిల్లు ఆడింది. దీన్ని దానం అనడం న్యాయమా?

ఈ ఇచ్చిపుచ్చుకోవడం ఈనాటిది కాదు. 1914 నుంచి మద్రాసులో రైలెక్కి ధనుష్కోటిలో దిగి, స్టీమరులో తలైమన్నార్ చేరి, మళ్ళీ రైల్లో కొలంబో వెళ్ళేవారు. 1964 డిసెంబరు తుపాను ధనుష్కోటి లైనును మింగేసింది. శ్రీలంకలోని క్యాండీని ఏలిన చివరి రాజు మన దక్షిణాది నాయకర్ వంశీయుడు; ఆయన సమాధి మన చిత్తూరు పక్కనే, వేలూరులో ఉంది. చూడనివాళ్ళు ఒకసారి చూసి రావాలి.

భారత్ చేసుకున్న తొలి ద్వైపాక్షిక స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం శ్రీలంకతోనే. 1998 డిసెంబరులో సంతకాలు జరిగి, 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. గొడవలూ వచ్చాయి. అక్కడ పామాయిల్ తెప్పించుకుని వనస్పతిగా మార్చి, సుంకం లేకుండా ఇక్కడికి పంపడంతో మన ఫ్యాక్టరీలు గగ్గోలు పెట్టాయి. చివరికి ఏడాదికి ఇన్ని టన్నులేనని కోటా పెట్టారు. మిరియాలకూ అంతే. మాట్లాడుకుని సర్దుకున్నారు తప్ప ఒప్పందాన్ని చించుకోలేదు. జాలర్ల సమస్య మాత్రం ఇంకా తెగలేదు. దానికీ ఇంతే ఓపిక కావాలి.

కొలంబో రేవు సంగతి చెబితే చాలామందికి ఆశ్చర్యం. అక్కడ ఓడ మారే కంటైనర్లలో సింహభాగం మన దేశానికి వచ్చేవి, పోయేవే. ఆ రేవుకు మనం కావాలి, మన ఎగుమతిదారులకు ఆ రేవు కావాలి.

తెలుగువాళ్ళుగా మనం గర్వపడాల్సింది ఇంకొకటుంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్సు పద్ధతే 2016లో భారత గ్రాంటుతో శ్రీలంకలో 'సువ సెరియ'గా మొదలైంది. మొదట 88 బండ్లతో పశ్చిమ, దక్షిణ ప్రాంతాల్లో పెట్టి, తర్వాత దేశమంతా విస్తరించారు. అక్కడ నొక్కాల్సిన నంబరు 1990, కాల్ ఉచితం. ఇది మాత్రం అప్పు కాదు, నిజంగా ఇచ్చిందే. ఇచ్చింది ఇలా ప్రాణం నిలబెట్టేదైతే ఎంత ఖర్చయినా తక్కువే అంటాను.

ఇక మన వంతు. శ్రీలంక నుంచి శ్రీవారి దర్శనానికి వచ్చే భక్తులు ఎందరో. 2020 ఫిబ్రవరిలో అప్పటి ప్రధాని మహింద రాజపక్స కూడా వచ్చి వెళ్ళారు. మామూలు భక్తులైతే చెన్నైలో దిగి, టాక్సీ మాట్లాడుకుని, నగరి, పుత్తూరు మీదుగా పిల్లాపాపలతో గంటల తరబడి ప్రయాణం చేస్తున్నారు. 2017లోనే తిరుపతి విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా ఇచ్చారు. కొలంబోకు నేరుగా విమానం ఎందుకు ఉండకూడదు? భక్తులతో పాటు మన పూలు, కూరగాయలు కూడా అదే విమానంలో వెళ్ళవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం, టీటీడీ, మన ఎంపీలు కలిసి విమాన సంస్థలతో మాట్లాడాలని కోరుతున్నాను. మొదట వారానికి రెండు సర్వీసులు నడిపినా చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
గ్రీమ్స్‌పేట, చిత్తూరు