చెయ్యి వేసే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. జూన్ 21 వచ్చిందంటే జిల్లా పేజీ నిండా చాపలే. ఆఫీసుల ముందు, గ్రౌండ్లలో, బడుల్లో తెల్ల టీషర్టులు వేసుకుని చేతులు పైకెత్తినవాళ్ల ఫొటోలు. ఆ రోజును అంతర్జాతీయ యోగా దినోత్సవంగా జరపాలని ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో తీర్మానం చేసింది, 2015 నుంచి ఏటా జరుపుతున్నారు. సంతోషమే. నేను రిటైరైన పీఈటీని. ఆ ఫొటోల్లో విజిల్ మెడలో వేసుకుని ఓ మూల నేనూ ఉండేదాన్ని. ఫొటోలో పడని సంగతి ఒకటి ఉంది, అందుకే ఈ లేఖ.

నల్గొండలో మా కాలనీ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో పొద్దున ఐదున్నరకు యోగా క్లాసు నడుస్తుంది. రాత్రి పెళ్లయి ఉంటే బంతిపూల రేకులు ఊడ్చుకుని చాపలు పరుస్తాం. నేర్పే ఆయన చెడ్డ మనిషి కాదు, ఆ మాట ముందే చెబుతున్నాను. ఫీజు కట్టలేనివాళ్లను అడగను కూడా అడగరు.

ఒకరోజు అందరం శవాసనంలో ఉన్నాం. ఆయన చప్పుడు చేయకుండా వరసల మధ్య నడుస్తూ వచ్చి, నా పక్క చాప మీద పడుకున్నామె భుజాలు నేలకు ఆనలేదని రెండు చేతులతో అదిమారు. ఆమె అరవలేదు, లేవలేదు. కొయ్యబారిపోయింది. నేను కళ్లు తెరిచి చూసేసరికి పిడికిళ్లు బిగుసుకుని, కాలివేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. ఆయన "రిలాక్స్ అమ్మా, రిలాక్స్" అంటూ ఇంకాస్త అదిమారు. క్లాసయ్యాక చాప చుట్టడం ఆమె చేతకాలేదు. ఒకవైపు జారిపోతుంటే అట్లాగే గుండెలకు హత్తుకుని వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

"భుజం మీద చెయ్యేస్తే ఏమైతది? సారు తండ్రి లెక్క కదా" అంది చెప్పులేసుకుంటున్న ఒక పెద్దామె. నేనూ తలూపాను.

నెల తర్వాత ఆ పక్క చాపామె రైతుబజార్లో కనిపించింది. నా దగ్గర ఎనిమిదో తరగతిలో ఖోఖో ఆడిన పిల్లే. టమాటాలు ఏరుతూ, తలెత్తకుండా చెప్పింది, పెళ్లయ్యాక అత్తగారింట్లో ఏడేళ్లు ఎట్లా గడిచాయో. "సారు మంచోడే టీచర్. కానీ కండ్లు మూసుకున్నప్పుడు మీదికి చెయ్యొస్తే నాకు ఆ ఇల్లే యాదికొస్తది. ఒళ్లు నా మాట వినది." కాసేపాగి, నవ్వుతూనే అంది: "మీరూ అంతే కదా టీచర్. గ్రౌండ్ల మమ్మల్ని అడగకుండనే వీపు మీద మోకాలు పెట్టి వంచేటోళ్లు."

నిజమే. ముప్పై ఏళ్లు నేను చేసిన పని అదే. మర్రిగూడ వైపు బడిలో పనిచేసిన రోజుల్లో కొందరు పిల్లలు ఎంత అదిలించినా ముందుకు వంగేవాళ్లు కాదు. బద్ధకమనుకున్నాను. మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల నీళ్ల సంగతి మీ పాఠకులకు కొత్తగా చెప్పక్కర్లేదు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదమంటారు. అక్కడి బోర్లలో ఎన్నో ఏళ్లు అంతకంటే చాలా ఎక్కువే వచ్చింది. వెన్నుపూసల మధ్య కట్లు గట్టిపడి, మెడా నడుమూ కొయ్యలా బిగుస్తాయి. అట్లాంటి వీపు మీద మోకాలు పెట్టాను నేను. ఆ తరం ఇప్పుడు నడివయసుకు వచ్చి, నడుం నొప్పి తగ్గుతుందేమోనని యోగా క్లాసుల్లో చేరుతోంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చినంత మాత్రాన గట్టిపడిన ఎముక వెనక్కి రాదు. ఎవరి ఒంట్లో ఏముందో నేర్పేవాడి చేతికి తెలియదు. అడిగితేనే తెలుస్తుంది.

ఇక ఆ పిల్ల కొయ్యబారిపోవడం గురించి. "ఇష్టం లేకపోతే అప్పుడే చెప్పొచ్చు కదా" అంటారు. పెద్ద ఆపద మీద పడ్డప్పుడు ఒళ్లు తిరగబడుతుంది, లేదంటే పారిపోతుంది, రెండూ కుదరకపోతే బిగుసుకుపోతుంది. నోరు పెగలదు. ఒకసారి అట్లా అయినవాళ్లకు మళ్లీ అదే తీరుగా చెయ్యి మీద పడితే, ఏళ్లు గడిచినా ఒళ్లు అదే పని చేస్తుంది. నోరు పెగలని మనిషి మౌనాన్ని ఒప్పుకోలు కింద రాసుకోవడం ఎక్కడి న్యాయం?

అమెరికాలో బోస్టన్ దగ్గర ఇట్లాంటివాళ్ల కోసమే ఒక యోగా పద్ధతి తయారుచేశారు. అందులో టీచరు ఎవరినీ తాకరు. కళ్లు మూసుకోమని బలవంతం లేదు. "వంగు, ఇంకా వంగు" అనరు, "వీలైతే వంగండి, లేదంటే అట్లాగే ఉండండి" అంటారు. బెస్సెల్ వాన్ డెర్ కోల్క్ అనే మానసిక వైద్యుడి బృందం ఏళ్ల తరబడి మానని మానసిక గాయమున్న 64 మంది ఆడవాళ్లతో చేసిన అధ్యయనం 2014లో అచ్చయింది. వారానికి ఒక గంట, పది వారాలు. చివరికి యోగా చేసినవాళ్లలో 52 శాతం మందిలో లక్షణాలు జబ్బుగా లెక్కించే స్థాయికి దిగువకు వచ్చాయి. ఆరోగ్య పాఠాలు మాత్రమే విన్నవాళ్లలో అది 21 శాతం. చిన్న అధ్యయనమే, పైగా ఇది వైద్యానికి తోడు తప్ప వైద్యానికి బదులు కాదు. ఈమధ్య వాట్సాప్‌లో "సొమాటిక్ హీలింగ్, రెండు రోజుల్లో ఒంట్లోని బాధంతా బయటికి" అని తిరుగుతున్న పోస్టర్లు చూస్తే భయం వేస్తోంది. పుండు రేపడం తెలిసినవాళ్లందరికీ కట్టు కట్టడం తెలియదు. అన్నట్టు, ఆ డాక్టరునే 2018లో సిబ్బందితో దురుసుగా ప్రవర్తించి కించపరిచారన్న ఆరోపణలపై తన కేంద్రం పదవిలోంచి తప్పించారు. ఆయన వాటిని ఒప్పుకోలేదనుకోండి. గాయాల గురించి చెప్పే చోటైనా సరే, పై కుర్చీలో కూర్చున్నవాణ్ని అడిగేవాళ్లుండాలని నాకు అర్థమైంది.

ఎందుకంటే గురుపీఠాల దగ్గర అడిగేవాళ్లు ఉండరు. మైసూరులో అష్టాంగ యోగా నేర్పిన పట్టాభి జోయిస్ దగ్గరికి ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు. ఆయన 2009లో పోయారు. ఆసనం సర్దే నెపంతో తాకరాని చోట తాకారని, అప్పట్లో నోరెత్తలేకపోయామని పలువురు శిష్యురాళ్లు తర్వాత బయటపెట్టారు. తాత సరికాని తీరులో సర్దడం తానూ చూశానని మనవడు శరత్ 2019లో రాసి క్షమాపణ చెప్పారు. బిక్రమ్ చౌధురి కథ ఇంకో రకం. 40 డిగ్రీల వేడి గదిలో ఆసనాలు వేయించి కోట్లు గడించాడు. (మే నెలలో నల్గొండ వచ్చుంటే కరెంటు ఖర్చు మిగిలేది.) లైంగికంగా వేధించాడని, అన్యాయంగా ఉద్యోగం తీసేశాడని తన మాజీ న్యాయ సలహాదారు వేసిన కేసులో 2016లో లాస్ ఏంజెలెస్ జ్యూరీ ఆమెకు 70 లక్షల డాలర్ల పైచిలుకు కట్టమంది. ఆయన అమెరికా వదిలి వెళ్లిపోయాడు, 2017లో అరెస్టు వారంటు వచ్చింది.

ఎక్కడో జరిగినవి మనకెందుకంటారా? "బాంచెన్ దొరా, నీ కాల్మొక్త" అనే మాటను ఈ జిల్లా ఎన్ని ప్రాణాలు పోసి వదిలించుకుందో మనకు తెలుసు. ఆ వంగుడే వేరే పేరుతో చాప మీద మొదలైతే పోల్చుకోలేమా? గురుకులాల్లో, హాస్టళ్లలో పదమూడేళ్ల పిల్ల యోగా సారుకు "వద్దు" అని ఎట్లా చెబుతుంది? మార్కులు, అన్నం, పడక అన్నీ ఆ గోడల లోపలే కదా.

తాకడం మన సంప్రదాయమని ఒకాయన వాదించారు. ఆసనమంటే స్థిరంగా, సుఖంగా ఉండాలనే యోగసూత్రాల్లో పతంజలి చెప్పింది. సంప్రదాయం మాటకొస్తే, రవికె కొలతలకు టైలర్ చెయ్యి తగలకూడదని ఆది జాకెట్టు పంపే ఊళ్లు మనవి. టైలర్ దగ్గర ఉన్న పట్టింపు యోగా సారు దగ్గర ఎందుకు పోయింది?

జిల్లా అధికారులకు నేను కోరేది పెద్ద పనేం కాదు. కేంద్ర ఆయుష్ శాఖ కింద 2018లో యోగా సర్టిఫికేషన్ బోర్డు ఏర్పడినా, ఆ సర్టిఫికెట్ లేనివాళ్లు క్లాసు పెట్టకూడదన్న చట్టం లేదు. కనీసం బడులు, గురుకులాలు, ప్రభుత్వ స్థలాల్లో నడిచే క్లాసులకైనా అడగకుండా తాకకూడదన్న నియమం రాతపూర్వకంగా పెట్టండి. ఆడపిల్లల క్లాసులో ఇంకో మహిళా టీచర్ ఉండాలనండి. పనిచేసే చోట మహిళలపై వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద పదిమంది కంటే తక్కువ సిబ్బంది ఉన్న చోట్ల లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకోవడానికి ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలి. ఫిర్యాదు చేసే మహిళ అక్కడ ఉద్యోగి కానక్కర్లేదు. జరిగిన 3 నెలల్లోపు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో 3 నెలలు గడువు పెంచొచ్చు. ఇది మా క్లాసులో ఒక్కరికి తెలిస్తే ఒట్టు. ఆ కమిటీ ఫోన్ నంబరు, మహిళా హెల్ప్‌లైన్ 181, పిల్లల కోసం 1098 ప్రతి క్లాసు గోడ మీద పెయింటుతో రాయించండి. ఫ్లెక్సీ అయితే గాలివానకు పోతుంది.

మా సారుతో మాట్లాడాను. "నన్ను అనుమానిస్తున్నారా మేడం?" అని నొచ్చుకున్నారు. రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు ఆయనే అడిగారు, ఏం చేద్దామని. విదేశాల్లో కొన్నిచోట్ల చాప తల దగ్గర చిన్న కార్డు పెడతారట, తాకొచ్చో వద్దో దాన్ని చూసి తెలుసుకుంటారట. మనకు కార్డులెందుకు? అష్టాచెమ్మా గింజలున్నాయి. చింతగింజలు ఒకవైపు బండకు రుద్ది డబ్బా నిండా తీసుకుపోయాను. తెల్లవైపు పైకి ఉంటే సర్దొచ్చు, నల్లవైపు ఉంటే చెయ్యి వేయొద్దు. ఏ రోజుకారోజు మార్చుకోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

మొదటిరోజు 22 చాపలు. సారు వరసల మధ్య నడుస్తూ ఒక్కో గింజా చూసుకుంటూ వెళ్లారు. 15 గింజలు నల్లవైపే ఉన్నాయి. "తండ్రి లెక్క" అన్న పెద్దామెది కూడా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ టీచర్,
నల్గొండ