నార్మల్ రిపోర్టు వస్తే బాధ లేనట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

రక్తపరీక్షతో డిప్రెషన్‌ను ముందే పసిగట్టవచ్చన్న మాట ఈమధ్య తరచూ వినబడుతోంది. హిందూపురం నుంచి మెట్టినింటికని బెంగళూరు వచ్చి ముప్పై ఏళ్లయింది నాకు. ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు అనుభవాలున్నాయి.

మొదటిది మా తోడికోడలిది. పొద్దున మంచం దిగేది కాదు. దువ్వెన నిండా జుట్టే. ఏప్రిల్లో మేమంతా ఫ్యాను కింద కూర్చుంటే తను స్వెటర్ వేసుకునేది. మా అత్తగారు బద్ధకమన్నారు. ఒక డాక్టరు డిప్రెషన్ అని ఎనిమిది నెలలు మాత్రలు మింగించారు. చివరికి ఇంకో డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని చూసి, 'ఇంత చల్లగా, గరుకుగా ఉందేంటమ్మా?' అని థైరాయిడ్ పరీక్ష రాసింది. థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్, నాలుగైదు దాటకూడనిది, ఎనభై పైన ఉంది! మూడొందలతో పోయే పరీక్ష. ఎనిమిది నెలలూ ఎవరికీ తోచలేదు, డిగ్రీ చదివిన నాకూ తోచలేదు.

థైరాయిడ్ మందగించినా, బీ12 విటమిన్ బాగా తగ్గినా మనిషి దిగులుతో కుంగిపోయినట్టే కనిపిస్తాడు. 2007లో గుర్తించిన ఒక రకం మెదడు వాపులో మన ఒంట్లోని యాంటీబాడీలే మెదడు మీద పడతాయి. నిన్నటిదాకా బాగున్న పిల్ల ఉన్నట్టుండి అరుస్తుంది, లేనివి ఉన్నాయంటుంది. ఊళ్లో అయితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. వెన్నునీరు, రక్తం పరీక్షిస్తే అది బయటపడుతుంది, తొందరగా వైద్యం మొదలుపెడితే చాలామంది కోలుకుంటారు. ఇలాంటి పరీక్షలు మొదట్లోనే చేయాలంటే ఎవరు కాదంటారు?

రెండోది మా అన్న కొడుకుది. మడివాళలో పీజీలో ఉండి ఉద్యోగం చేసేవాడు. నిద్ర కరువైంది, తిండి తగ్గింది, ఫోను ఎత్తడం మానేశాడు. అప్పుడే వాళ్ల ఆఫీసులో హెల్త్ క్యాంపు పెట్టి 'స్ట్రెస్ ప్రొఫైల్' పేరుతో రక్తంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను చూశారు. అన్నీ నార్మల్. మా అన్న ఆ కాగితం పట్టుకుని, 'ఏమీ లేదని రాసిచ్చారు కదరా, ఇంకేం టెన్షన్ నీకు?' అన్నాడు. వాడు మళ్లీ నోరు విప్పలేదు. ఆరు నెలల తర్వాత రూమ్మేట్ భయపడి ఫోన్ చేస్తే గానీ మాకు కళ్లు తెరుచుకోలేదు. మానసిక వైద్యుడు వాడితో గంటసేపు మాట్లాడారు, మా అన్నను బయట కూర్చోబెట్టి.

కార్టిసాల్ తెల్లవారుజామున ఎక్కువ, అర్ధరాత్రికి తక్కువ. పదకొండు గంటలకు క్యాంటీన్‌లో సూది గుచ్చి తీసిన ఒక్క చుక్క మనసు సంగతి ఏం చెబుతుంది? ఇదే కార్టిసాల్‌ను నమ్ముకుని 1980లలో డెక్సామెథసోన్ పరీక్ష అని, ఆ మందు ఇచ్చి కార్టిసాల్ తగ్గుతుందో లేదో చూసి డిప్రెషన్‌ను తేలుస్తామని, పెద్ద హడావుడి చేశారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో చాలామందిని అది పట్టుకోలేకపోయింది, వేరే జబ్బులున్నవాళ్లను పట్టుకుంది. డిప్రెషన్ విషయంలో చివరికి మూలన పడింది. డిప్రెషన్‌ను, స్కిజోఫ్రీనియాను తేల్చి చెప్పే రక్తపరీక్ష ఇప్పటికీ లేదు. ఒంట్లోని వేరే జబ్బేమైనా మనసు జబ్బులా కనబడుతోందా అని చూడటానికే ఈ పరీక్షలు.

అనంతపురం, చిత్తూరు వైపు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చి, హోసూరు రోడ్డులోని మానసిక వైద్య ఆసుపత్రి నిమ్హాన్స్ ముందు తెల్లారేదాకా కూర్చునే మనవాళ్లను చూస్తూనే ఉన్నాం. ఆ నిమ్హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలోనే, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. వీళ్లకు కొత్త పరీక్ష కన్నా ముందు కావలసింది కూర్చోబెట్టి వినే మనిషి. 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ సేవ టెలీ మానస్‌లో తెలుగులోనూ మాట్లాడవచ్చు. మా వీధిలో ఎవరినడిగినా ఆ నంబరు తెలియదన్నారు.

ప్రభుత్వ నమ్మ క్లినిక్కులలో మనసు బాగోలేదని వచ్చినవారికి, డాక్టరు అవసరమనుకుంటే, థైరాయిడ్, బీ12 పరీక్షలు ఉచితంగా చేసే ఏర్పాటు ఉండాలి. ఆఫీసు క్యాంపుల్లో ఇలాంటి స్ట్రెస్ పరీక్షలు అమ్మడం ఆపాలి. ఉద్యోగి రిపోర్టు హెచ్‌ఆర్ చేతికి పోకూడదు. 'ఈ ఫలితం నార్మల్‌గా ఉన్నా మీకు బాధగా ఉంటే డాక్టరును కలవండి' అన్న ఒక్క వాక్యం, పక్కనే 14416, ల్యాబ్‌లు రిపోర్టు కింద అచ్చేయాలి, కన్నడంలోనూ తెలుగులోనూ. మా అన్నకు ఇంగ్లీషు రాదు. ఆ రోజు కాగితం మీద చదవగలిగింది 'నార్మల్' ఒక్కటే.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు