ట్యాబులు కొనే ముందు పీరియడ్ లెక్క చూడండి

సంపాదకులకు నమస్కారం.

చిన్న తరగతులకు ట్యాబులు, గోడ మీద పెద్ద తెరలు వస్తే ఎన్ని వచ్చాయన్నదే వార్త అవుతోంది. ఏడాది తిరిగేసరికి అందులో ఎన్ని వెలుగుతున్నాయో, వెలిగేవి ఏ పాఠానికి అక్కరకొస్తున్నాయో అడిగేవారు లేరు. పెరూ దేశంలో పల్లె బడుల పిల్లలకు ల్యాప్‌టాప్‌లు పంచాక, 319 బడుల్లో జరిపిన అధ్యయనం 2012లో వెలువడింది. లెక్కల్లోనూ, భాషలోనూ పిల్లల మార్కులు పెరిగిన దాఖలా అందులో కనబడలేదు.

చిక్కంతా పీరియడ్‌లోనే ఉంది. 40 నిమిషాల్లో ట్యాబులు పంచడానికి 5, పాస్‌వర్డ్ కొట్టడానికి 8, తిరిగి తీసుకుని లెక్క చూసుకోవడానికి 5 పోయాయనుకోండి, పాఠానికి మిగిలేది 22. రెండో తరగతి పిల్లలకు కీబోర్డు మీద అక్షరం వెతుక్కోవడమే ఒక పరీక్ష. పాస్‌వర్డ్ తీసేసి, ట్యాబు కెమెరాకు చూపితే చాలు తెరుచుకునేలా ఒక్కొక్కరికి ఒక క్యూఆర్ కార్డు ఇవ్వాలి. ట్యాబు వెనక రోల్ నంబరు అంటించి, ఎవరి ట్యాబు వాళ్లకే వచ్చేలా చూడాలి. వీడియోలు ముందురోజే దింపి ఉంచుకోవాలి. 30 ట్యాబుల్లో ఒకేసారి వీడియో నడవాలంటే, ఒక్కోదానికి 2 ఎంబీపీఎస్ (ఇంటర్నెట్ వేగం కొలత) చొప్పున 60 కావాలి. 20 ఎంబీపీఎస్ లైను మీద తెరపై చక్రం తిరుగుతూనే ఉంటుంది. కొలిబ్రి లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బడిలోని ఒక కంప్యూటర్లో వేసుకుంటే ఇంటర్నెట్ లేకుండానే పాఠాలు అన్ని ట్యాబులకూ అందుతాయి.

ఛార్జింగ్ సంగతి ఎవరూ పట్టించుకోరు. 30 ట్యాబులకు ఒక్కోదానికి 10 వాట్లు వేసుకున్నా మొత్తం 300 వాట్లే, కరెంటు ఖర్చు పెద్దదేం కాదు. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గుచ్చి, గాలాడని బీరువాలో పెట్టి తాళం వేయడమే ప్రమాదం. ఆ వేడికి బ్యాటరీలు త్వరగా చెడిపోతాయి. వేసవి సెలవులకు ఛార్జింగ్ పూర్తిగా అయిపోయిన ట్యాబును అలాగే లోపల పెడితే, బడి తెరిచాక ఎంతసేపు ఛార్జింగ్ పెట్టినా లేవకపోవచ్చు. సగం ఛార్జింగ్ ఉంచి, స్విచాఫ్ చేసి, చల్లటి చోట పెట్టాలి. వెనక మూత ఉబ్బినట్టు కనిపిస్తే దాన్ని మళ్లీ ఛార్జింగ్ పెట్టకూడదు, పిల్లల చేతికి అసలే ఇవ్వకూడదు.

ఇక గోడ తెర. నల్లబల్లకు సరిగ్గా మధ్యలో బిగిస్తే రాయడానికి ఇటు మూర, అటు మూర మిగులుతుంది. పక్క గోడకు, కిటికీ వెలుతురు ఎదురుగా పడని చోట పెట్టాలి. సుద్దపొడి తెర అంచుల్లో పేరుకుంటే వేలు పెట్టని చోట కూడా తాకినట్టు తీసుకుంటుంది. వారానికోసారి పొడి మెత్తటి గుడ్డతో అంచులు తుడిస్తే చాలా ఫిర్యాదులు రావు. ప్రొజెక్టరైతే ఫిల్టర్‌లో ఆ పొడే నిండి, వేడెక్కి, పాఠం మధ్యలో ఆగిపోతుంది.

అన్నిటికన్నా బాధపెట్టేది అక్షరం సైజు. 10 అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉండాలన్నది సైన్‌బోర్డులు రాసేవాళ్ల లెక్క. చివరి బెంచీ 7 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 6 సెంటీమీటర్లు కావాలి. పైన గుడి, కింద ఒత్తు కలుపుకుంటే వరుసకు దానికి రెట్టింపు చోటు పోతుంది. 65 అంగుళాల తెర ఎత్తు 81 సెంటీమీటర్లు, అంటే ఆరేడు వరుసలకు మించి పట్టవు. పుస్తకం పేజీని యథాతథంగా తెర మీద వేస్తే వెనక పిల్లలకు ద, ధ ఒకేలా కనిపిస్తాయి. గుడి ఏదో, గుడిదీర్ఘం ఏదో తెలియదు. అక్షరాలు కుదురుకునే వయసులో ఈ తికమక చిన్నది కాదు.

ఒకటి, రెండు తరగతుల్లో తలా ఒక ట్యాబు అక్కర్లేదని మా గట్టి నమ్మకం. అక్షరం చేత్తో దిద్దితేనే దాని ఒంపు గుర్తుంటుంది. టీచరు బల్ల మీద ఒక్క ట్యాబు చాలు. పిల్ల ఒక పేరా చదువుతుంటే నిమిషం రికార్డు చేసి, పుస్తకం చేతికిచ్చి వెంటనే వినిపించండి. ‘అమ్మమ్మ’ను ‘అమమ్మ’ అని చదివిన చోట తన గొంతు విని తానే ఆగి, వేలు పెట్టి మళ్లీ చదువుతుంది. రోజుకు అయిదుగురికి చేస్తే 30 మంది తరగతి ఆరు బడి రోజుల్లో ఒక చుట్టు పూర్తవుతుంది. ఆ రికార్డులు బడి దాటి పోకూడదు, వాటి మీద పేరు బదులు రోల్ నంబరే ఉండాలి.

కొనుగోలు ఉత్తర్వుల్లో ట్యాబుల సంఖ్య పక్కనే హెడ్‌ఫోన్లకు, బ్యాటరీలకు ఏటా ఎంత సొమ్ము ఇస్తారో, ఛార్జింగ్, మరమ్మతు చూసే మనిషి ఎవరో, ఆ పనికి వారానికి ఎన్ని పీరియడ్లు వదులుతారో కూడా రాయాలని అధికారులను కోరుతున్నాం. ఇప్పుడు ఆ పనంతా టీచరు తన పాఠం గంటల్లోంచే చేస్తున్నారు.

— కొందరు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు