సుబ్బూ, ఆ లిస్టు పక్కన పెట్టు

పటమట,
విజయవాడ.

ఒరేయ్ సుబ్బూ,

నువ్వు వాట్సాప్‌లో పంపిన అండమాన్ ప్యాకేజీ కాగితం చూశాను. ఫోన్‌లో చెబుదామంటే రెండు నిమిషాలకే "షాపులో ఉన్నాను రా, మళ్లీ చేస్తా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. రాత్రి అన్నాలయ్యాక తీరిగ్గా చదువు, చెల్లెమ్మకి కూడా వినిపించు.

ముందు ఒక్క మాట. సాయంత్రం 5.30కి హేవ్‌లాక్ దీవిలోని రాధానగర్ బీచ్‌లో సూర్యాస్తమయం చూపిస్తానని రాశాడే, ఆ ఏజెంటు జన్మలో ఎప్పుడైనా అండమాన్ వెళ్లాడంటావా? సంక్రాంతి రోజుల్లో అక్కడ 5.15కల్లా సూర్యుడు మునిగిపోతాడు. మనకంటే 12 డిగ్రీలు తూర్పున ఉన్నాయి ఆ దీవులు, గడియారం మాత్రం మనదే. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్కేసుకో. పొద్దున్నా అంతే, ఐదున్నరకల్లా వెలుగొచ్చేస్తుంది. ఎనిమిదింటికి లేచి, టిఫిన్లు కానిచ్చి, పదింటికి కదిలే మన సెలవు పద్ధతి అక్కడ పెట్టుకుంటే సగం రోజు హోటల్ గదిలోనే అయిపోతుంది. రాధానగర్‌కి నాలుగింటికే చేరండి. పడమటి వైపు బీచ్, వెనకాల పెద్ద పెద్ద చెట్లు, పొడుగ్గా తెల్లటి ఇసుక. 2004లో టైమ్ పత్రిక దాన్ని ఆసియాలోనే మంచి బీచ్ అందంటే ఊరికే అనలేదు. చీకటి పడ్డాక చేసేదేమీ ఉండదు, తిని పడుకోవడమే.

రెండోది, మీ ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఉంది కదా, అది తీసి చూడు. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు బాగా ఎక్కుతుంది, ఆటు బాగా తీస్తుంది. నీల్ దీవిలో సహజంగా ఏర్పడిన రాతి వంతెన ఒకటి ఉంది. నీళ్లు వెనక్కి తీసినప్పుడే దాని దగ్గరికి నడిచి వెళ్లగలం. రాళ్ల గుంటల్లో చిన్న చిన్న చేపలు, పీతలు, సముద్రపు దోసకాయలు చిక్కుకుని ఉంటాయి, మీ చింటూగాడు అక్కడి నుంచి కదలడు. అదే పోటు మీద వెళ్తే నీళ్లు చూసి వెనక్కి రావడమే. మీ ఏజెంటు దానికి మధ్యాహ్నం రెండు అని టైమ్ వేశాడు. ఆటు వేళ రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, దానికీ మనవాడి కాగితానికీ ఏం సంబంధం! ఆ రోజు ఆటు ఎన్నింటికో ముందురోజు రాత్రే హోటల్ వాళ్లని అడిగి, మిగతావన్నీ దాని చుట్టూ సర్దుకో.

ఇక నీళ్లలో దిగడం. అసలు వెళ్లేదే దానికి. జెట్‌స్కీ, బనానా బోటు లాంటివి ఎక్కడైనా ఉంటాయి, ఆ డబ్బు పెట్టి స్నార్కెలింగ్ చెయ్యి, అంటే మాస్కూ గొట్టమూ పెట్టుకుని పైన తేలుతూనే నీళ్ల అడుగు చూడటం. ఎలిఫెంట్ బీచ్‌కి హేవ్‌లాక్ జెట్టీ నుంచి బోటు ఉంటుంది, అడవి గుండా నడిచి కూడా వెళ్లొచ్చు. సీజన్‌లో పది దాటితే జాతరే, మొదటి బోటుకి వెళ్లండి. లైఫ్ జాకెట్ వేస్తారు, ఈత రాకపోయినా పర్లేదు. కానీ నీకో ఇబ్బంది ఉంది రా, నీ మీసం. మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే నీళ్లు రావు. మీసం వెంట్రుకల సందుల్లోంచి సన్నగా కారుతూనే ఉంటుంది, నిమిషానికోసారి తలెత్తి వంపుకోవాలి. తీసెయ్యమంటే చెల్లెమ్మ ఒప్పుకోదేమో గానీ, కనీసం ముక్కు కింద కాస్త పల్చగా కత్తిరించుకో. అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపల కాస్త ఉమ్మి రాసి కడిగేస్తారు. చూసి మొహం అలా పెట్టకు, అందరూ చేసేదదే. పగడాల మీద మాత్రం కాలు పెట్టకండి. రాళ్లలా కనపడతాయి గానీ ప్రాణమున్నవి, మన కాలూ కోసుకుపోతుంది.

వీపున గాలి సిలిండర్ కట్టుకుని లోపలికి దిగే స్కూబా కూడా చెయ్యి, భయపడకు. మొదటిసారి వెళ్లేవాళ్లని ఇన్‌స్ట్రక్టర్ వెనక నుంచి పట్టుకునే ఉంటాడు, లోతు కూడా ఎక్కువ తీసుకెళ్లరు. నోటితోనే గాలి పీల్చాలి, ఊపిరి బిగబట్టకూడదు. కిందికి దిగేకొద్దీ చెవులు నొక్కేస్తాయి, ముక్కు మూసుకుని మెల్లిగా గాలి ఊదితే విడుస్తాయి. జలుబు ఉంటే ఆ రోజుకి మానుకోవడమే. ఇంకోటి, లోపల బొటనవేలు పైకెత్తి "సూపర్" అని చూపించకు. నీళ్లలో దానర్థం "పైకి తీసుకెళ్లు" అని. పక్కనే తాబేలు ఈదుతూ ఉంటే మావాడొకడు సంబరంగా వేలెత్తాడు, పాపం ఇన్‌స్ట్రక్టర్ వెంటనే వాణ్ణి పైకి లాక్కొచ్చేశాడు! బాగుందని చెప్పాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టాలి. చింటూకి ఎనిమిదేళ్లే కాబట్టి స్కూబాకి రానివ్వరు, పదేళ్లు నిండాలి. డైవింగ్ అయిన మర్నాడు పొద్దున్నే విమానం పెట్టుకోవద్దు, 18 గంటలైనా గడవాలి. మీ కాగితంలో సరిగ్గా ఆఖరి రోజునే పెట్టాడు. ముందుకి జరిపించు.

అమ్మ వస్తానంటోందా? తప్పకుండా తీసుకురా. మోకాళ్ల నొప్పులతో స్నార్కెలింగ్ ఎలాగూ చెయ్యదు గానీ, నీల్‌లో భరత్‌పూర్ బీచ్ దగ్గర అడుగున అద్దం ఉన్న బోటు ఉంటుంది, కూర్చునే పగడాలు చూడొచ్చు. అక్కడ బీచ్‌ల పేర్లు లక్ష్మణ్‌పూర్, సీతాపూర్, భరత్‌పూర్. అమ్మకి ఆ పేర్లు వింటేనే సగం యాత్ర అయిపోయినట్టుంటుంది. ఆ దీవుల్లో ఎక్కువమంది తూర్పు బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్లే, హోటళ్లలో చేపల పులుసూ అన్నమూ బాగుంటాయి. అమ్మ కోసం మాత్రం కందిపొడి, ఓ సీసాడు గోంగూర పచ్చడి సర్దు. పోర్ట్‌బ్లెయిర్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు, రోడ్డు మీద తెలుగు వినపడితే ఆశ్చర్యపోకు.

సెల్యులార్ జైలుకి సాయంత్రం లైట్ షో ఒక్కటే చూపించి లాగించేస్తారు. వద్దు, పగలు వెళ్లండి. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేశారు, ఏడు రెక్కల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒక రెక్క గదుల ముందు భాగం పక్క రెక్క వీపు వైపుకి ఉంటుంది, ఖైదీ ఎంత నిక్కి చూసినా ఇంకో ఖైదీ మొహం కనపడదు. చింటూని ఓ గదిలో నిలబెట్టి చూపించు, ఏ షో అక్కర్లేదు.

బారాటాంగ్ మాత్రం కొట్టెయ్యమంటాను. సున్నపురాతి గుహలు, మడ అడవుల్లో బోటు అంటాడు. ఉన్నమాటే. కానీ దారి జరావా అనే ఆదివాసుల అడవి మధ్య నుంచి, వాహనాలన్నీ కాన్వాయ్‌లో. ఆగకూడదు, ఫోటో తియ్యకూడదు. అయినా బండ్లలో చాలామంది అద్దాలకి మొహాలు ఆనించి "కనపడ్డారా, కనపడ్డారా" అంటుంటారు. వాళ్ల ఇంటి మధ్యలోంచి మనం తొంగిచూసుకుంటూ పోవడమేంట్రా! నాకైతే మనసొప్పలేదు. మడ అడవులే కావాలంటే హేవ్‌లాక్‌లో కయాక్ అనే చిన్న పడవ వేసుకుని చూడొచ్చు. చంద్రుడు లేని రాత్రయితే తెడ్డు వేసిన చోటల్లా నీళ్లు నీలంగా మెరుస్తాయి, నీళ్లలోని సూక్ష్మజీవుల వెలుగది. దానికీ క్యాలెండరే దిక్కు.

ఇక చిల్లర సంగతులు. హోటల్ కంటే ముందు ఫెర్రీ టికెట్లు తీసుకో, సెలవుల్లో అవే దొరకవు. పోర్ట్‌బ్లెయిర్‌ని 2024లో శ్రీ విజయపురం చేశారు, హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్. బుకింగ్‌లో ఏ పేరు కనపడినా కంగారుపడకు. చెల్లెమ్మకి బస్సులోనే కళ్లు తిరుగుతాయి కాబట్టి ఫెర్రీ ఎక్కే ముందే మాత్ర వేసుకోమను. చేతిలో నగదు ఉంచుకో, చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ. మొసళ్లున్నాయని బోర్డు పెట్టినచోట దిగొద్దు. ఇసుకలో దొరికిన పగడపు ముక్కలు, గవ్వలు చింటూ జేబులో వేసుకుంటాడు, విమానం ఎక్కే ముందు జేబులు దులిపించు. పట్టుకుంటే కేసవుతుంది.

నా దగ్గర రెండు స్నార్కెల్ మాస్కులున్నాయి, ఒకటి పిల్లల సైజు. ఆదివారం గుంటూరు వస్తున్నాను, తెచ్చిస్తాను. ఈలోగా ఆ ఏజెంటుకి ఫోన్ చేసి డైవింగ్ రోజు మార్పించు. కాదంటే అడ్వాన్స్ వెనక్కి అడుగు, అడగడానికి మొహమాటపడతావని నాకు తెలుసు, చెల్లెమ్మ చేత అడిగించు.

నీ,
రాంబాబు